తడిబట్టల ఒట్టు

చిత్తూరు చుట్టుపక్కల ఊళ్లలో ఇద్దరి మధ్య మాట తేడా వచ్చి, సాక్షులూ లేక, కాగితాలూ లేక తగువు తెగకపోతే వినిపించే మాట ఒకటే: “కాణిపాకం పోదాం పా.” తీసుకున్న అప్పు తీర్చానని ఒకరు, తీర్చలేదని ఇంకొకరు. పొలం గట్టు జరిపావని ఒకరు, మా తాతల నాటి నుంచీ అక్కడే ఉందని ఇంకొకరు. ఇంట్లో నగ పోతే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం. కోనేట్లో మునిగి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ఎదుట నిలబడి చెప్పిన మాటను ఆ తర్వాత ఎవరూ తిరగదోడరు. చాలా తగువులు అంతదాకా కూడా పోవు. బస్సెక్కే ముందే ఎవరో ఒకరు మెత్తబడతారు. రాజకీయ నాయకులదీ ఇదే దారి. “దమ్ముంటే కాణిపాకం వచ్చి ప్రమాణం చెయ్యి” అనే సవాలు టీవీ చర్చల్లో తరచూ వినబడుతుంది. సవాలు విసిరినంత జోరుగా కారెక్కేవాళ్లు మాత్రం తక్కువ.

అదే కోనేటి మెట్ల మీదికి ఇంకో రకం మనుషులు కూడా వస్తారు. వీళ్ల మీద దావా వేసినవాళ్లు లేరు, దొంగతనం మోపినవాళ్లు లేరు. వెంట భార్యో తల్లో ఉంటుంది, ఒక్కోసారి బడి మానిపించి తెచ్చిన పిల్లలుంటారు. “ఇక తాగను” అని చెప్పడానికి వచ్చినవాళ్లు వీళ్లు. తాగుడైనా, పేకాటైనా ఇక్కడ ఒట్టు పెట్టుకుంటే మానతారని రాయలసీమలోనే కాదు, సరిహద్దు దాటి తమిళనాడు, కర్ణాటక పల్లెల్లోనూ నమ్మకం. వినాయకుడికి ఎన్ని పేర్లున్నా ఈ సీమలో ఆయన ప్రమాణాల దేవుడు.

తగువులు తీర్చే దేవుడు తాగుడు మాన్పించే దేవుడు కూడా ఎలా అయ్యాడన్నది ఆలోచించదగ్గ సంగతి. దాని వెనక రెండు చరిత్రలున్నాయి. ఒకటి ఒట్టుది, చాలా పాతది. రెండోది సారాది, దానికి దేవుడి కంటే సర్కారుతోనే ఎక్కువ పని.

కాణిపాకం చిత్తూరుకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో, ఐరాల మండలంలో, బాహుదా నది ఒడ్డున ఉంది. స్థలపురాణం అందరికీ తెలిసిందే. గుడ్డి, మూగ, చెవిటి అన్నదమ్ములు ముగ్గురు ఏతం తొక్కి సేద్యం చేసుకునేవారు. బావి ఎండిపోతే లోపలికి దిగి తవ్వారు. పార రాయికి తగిలి నెత్తురు చిమ్మింది. ఆ నెత్తురు తాకి ముగ్గురి లోపాలూ పోయాయి. ఊరంతా వచ్చి కొట్టిన కొబ్బరికాయల నీళ్లు కాణి నేల, అంటే ఎకరంపావు, పారాయి. స్వామి ఇప్పటికీ ఆ బావిలోనే ఉన్నాడు, చుట్టూ నీరు ఊరుతూనే ఉంటుంది. విగ్రహం పెరుగుతోందని, ఒకప్పుడు భక్తులు చేయించిన వెండి కవచం ఇప్పుడు పట్టడం లేదని అర్చకులు చెబుతారు. గుడిని 11వ శతాబ్దంలో మొదటి కులోత్తుంగ చోళుడు కట్టించాడని, 1336లో విజయనగర రాజులు పెంచారని ఆలయ చరిత్ర. 1336 అంటే విజయనగరం పుట్టిన ఏడాదిగా చెప్పుకునేదే. రాజ్యం పెట్టీ పెట్టగానే ఇంత దూరం వచ్చి గుడి పెంచే తీరిక దొరికిందా అని ఎవరైనా నొసలు చిట్లిస్తే కాదనలేం.

ఈ కథలన్నిటిలో తాగుబోతు ఒట్టుకు దగ్గరగా వచ్చేది మాత్రం బావి కథ కాదు, నది కథ. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు, ఇద్దరూ మునులు. అన్న లేనప్పుడు తమ్ముడు అతని తోటలో పండు కోసుకు తిన్నాడు. మామిడిపండని ఈ సీమ చెబుతుంది. తోతాపురి తోటల మధ్య బతికేవాళ్లు మరో పండు పేరు చెప్పడం కష్టమే. అడగకుండా తీసుకుంటే దొంగతనమేనని అన్న అన్నాడు. తమ్ముడు నేరుగా రాజు దగ్గరికి పోయి, తప్పు చేశాను, శిక్ష వెయ్యమన్నాడు. సుద్యుమ్న మహారాజు క్షమిస్తానన్నా ఒప్పుకోలేదు. చేతులు తెగ్గొట్టించుకుని అన్న దగ్గరికి వచ్చాడు. అన్న బాహుదా నదిలో మునిగి తర్పణం వదలమన్నాడు. మునిగి లేచేసరికి చేతులు వచ్చాయి. మహాభారతం శాంతిపర్వంలోని కథ ఇది. ఇందులో తమ్ముణ్ణి ఎవరూ పట్టుకోలేదు, సాక్షి లేడు, ఫిర్యాదు లేదు. తన తప్పు తానే నలుగురి ముందు ఒప్పుకున్నాడు. తిరిగి వచ్చాక ఏం చెయ్యాలో చెప్పడానికి ఇంటి దగ్గర ఒక మనిషి ఉన్నాడు. భారతంలోని నది ఇదేనా అన్నది పండితులు తేల్చుకోవలసిన విషయం. ఊరికి మాత్రం ఆ సందేహం ఏనాడూ లేదు.

ఇక ఒట్టు సంగతి. సాక్ష్యం దొరకని కేసుల్లో దేవుణ్ణి సాక్షిగా పిలవడం మన ధర్మశాస్త్రాల్లో ఒక పద్ధతిగా ఉంది. వాటిని దివ్యాలన్నారు. తుల, అగ్ని, జలం, విషం, కోశం అని యాజ్ఞవల్క్యుడు అయిదింటిని చెప్పాడు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర రాస్తే, 13వ శతాబ్దంలో కేతన దాన్ని విజ్ఞానేశ్వరీయంగా తెలుగు చేశాడు. అంటే వ్యవహారం, శిక్ష, సాక్ష్యం గురించి తెలుగువాళ్లు తెలుగులోనే చదువుకోవడం మొదలుపెట్టి ఏడు వందల ఏళ్లు దాటింది. ఆ అయిదింటిలో చివరిదైన కోశం కాణిపాకానికి దగ్గరి చుట్టం. ఉగ్రదేవత విగ్రహాన్ని కడిగిన నీళ్లు మూడు దోసిళ్లు తాగించేవారు. పద్నాలుగు రోజుల్లోపు ఆ మనిషికి దైవం వల్లగానీ రాజు వల్లగానీ పెద్ద కీడు జరక్కపోతే నిర్దోషి అన్నట్టు. దేవుడి నీళ్లు, అందరి ముందూ చెప్పిన మాట, ఆ తర్వాత ఒక గడువు. కాణిపాకంలో అబద్ధపు ప్రమాణం చేసినవాడికి తొంభై రోజుల్లో తెలిసొస్తుందని జనం అంటారు. గడువు మారింది, పద్ధతి నిలిచింది.

తెల్లదొరలు వచ్చాక ఇలాంటివన్నీ మూఢనమ్మకాలని కొట్టిపారేశారని అనుకుంటాం. నిజానికి వాటిని చట్టంలోకి ఎక్కించింది వాళ్లే. 1873 నాటి ఇండియన్ ఓత్స్ యాక్టు కింద ఒక కక్షిదారు కోర్టులో లేచి, “ఎదుటి మనిషి ఫలానా గుడిలో ఫలానా విధంగా ప్రమాణం చేసి చెబితే దానికి నేను కట్టుబడతాను” అనవచ్చు. ఎదుటివాడు ఒప్పుకుని ప్రమాణం చేస్తే, ఆ మాట ఇక తిరుగులేని సాక్ష్యం. జడ్జి కూడా దాన్ని కాదనడానికి లేదు. రచ్చబండ మీద “నువ్వు వినాయకుడి ముందు చెప్పు, నేను వదిలేస్తా” అనే రైతు, మద్రాసు హైకోర్టు వకీలు ఒకే వాదన చేసిన కాలం అది. 1969లో కొత్త ఓత్స్ యాక్టు వచ్చి ఆ సెక్షన్లను పక్కన పెట్టింది. కోర్టులో దాని విలువ పోయింది. ఊళ్లలో పోలేదు.

ఈ పద్ధతిలో ఒక కిటుకు ఉంది. ప్రమాణం చేసేవాడు కట్టుబడతాడన్నది పైకి కనిపించేది. అసలు కట్టుబడేది ప్రమాణం కోరినవాడు. నువ్వు చెబితే నమ్ముతాను, మళ్లీ ఎత్తను అని నలుగురిలో ఒప్పుకున్నది అతను. తగువు తెగేది అక్కడే. తాగుబోతు ఒట్టులో ఆ స్థానం భార్యది. పుట్టింటికి పోయిన ఆడమనిషి, “కాణిపాకంలో ఒట్టు పెట్టుకుంటే వస్తాను” అంటుంది. అతను మునుగుతాడు, చెబుతాడు. ఆమె పాత లెక్కలు మాఫీ చేసి తిరిగి కాపురానికి వస్తుంది. తగువులకు పుట్టిన ఆచారం తాగుడుకు అలా అతికినట్టు సరిపోయింది. ఒక్క తేడా ఉంది. అప్పు తీర్చాను అనేది జరిగిపోయినదాని గురించి చెప్పే మాట. రేపు తాగను అనేది ఇంకా జరగనిదాని గురించి. జరిగిపోయినదానికి ఒక్క రోజు సత్యం చాలు, జరగబోయేదానికి రోజూ కావాలి.

ఒట్టు పెట్టుకునేదాకా మనిషిని తెచ్చిన సారా కథ ఇప్పుడు చూడాలి. ఈతకల్లు ఈ మెట్ట సీమకు కొత్తేమీ కాదు. ఈడిగవాళ్ల కులవృత్తి అది, జాతరలో, చావులో, పెళ్లిలో దానికో చోటు ఉండేది. కాచిన సారా, దుకాణం, కంట్రాక్టరు, వేలంపాట, వీటన్నిటినీ ఒక ఖజానా శాఖగా కట్టుదిట్టం చేసింది ఆబ్కారీ. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టంతో కల్లు, సారా సర్కారు చేతికి గట్టిగా చిక్కాయి. పాట పాడి దుకాణం దక్కించుకున్నవాడు పెట్టిన డబ్బు రాబట్టుకోవాలి, కాబట్టి జనం తాగాలి. అప్పట్లో చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లా కేంద్రం. చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడింది 1911లో.

జిల్లా మొత్తం కలిసి ఒట్టు పెట్టుకున్నట్టు అయిన రోజు కూడా ఒకటుంది: 1938 అక్టోబరు 1. అంతకు సరిగ్గా ఏడాది ముందు మద్రాసు ప్రధాని రాజగోపాలాచారి తన సొంత జిల్లా సేలంలో మద్యనిషేధం పెట్టాడు. ఆయన పుట్టింది తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినబడే హోసూరు పక్క తొరపల్లిలో. తిరుచెంగోడు ఆశ్రమంలో ఉండగా మద్యం మాన్పించడానికే ‘విమోచనం’ అనే తమిళ పత్రిక నడిపిన మనిషి. సేలం తర్వాత ఆయన ఎంచుకున్నవి రెండు తెలుగు జిల్లాలు, చిత్తూరు, కడప. మరుసటి ఏడు ఉత్తర ఆర్కాటు. అప్పటి చిత్తూరు జిల్లాలో తిరుపతి ఉంది, మదనపల్లె ఉంది, ఇప్పుడు తమిళనాడులో ఉన్న తిరుత్తణి కూడా ఉంది. ఇంత మేర దుకాణాలు మూతపడ్డాయి.

దుకాణాలు మూస్తే ఖజానాకు చిల్లి. దాన్ని పూడ్చడానికి రాజగోపాలాచారి 1939లో జనరల్ సేల్స్ టాక్సు తెచ్చాడు. దేశంలో అన్ని సరుకుల మీదా వేసిన అమ్మకపు పన్నుకు నాంది అదే. మనం ఇవాళ సరుకుల బిల్లులో కట్టే పన్నుల వంశవృక్షం పైకి ఎక్కుతూ పోతే సేలం, చిత్తూరు, కడపల్లో మూసిన సారా కొట్ల దగ్గర తేలతాం. చిత్రమేమిటంటే, తర్వాత మద్యనిషేధం పోయింది గానీ పన్ను పోలేదు.

యుద్ధం వచ్చింది, కాంగ్రెసు మంత్రులు రాజీనామా చేశారు, గవర్నరు పాలనలో నిషేధం అటకెక్కింది. స్వాతంత్ర్యం తర్వాత మళ్లీ తెచ్చి 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతా అమలు చేశారు. ఆంధ్ర రాష్ట్రం విడిపోతూ ఆ చట్టాన్ని వారసత్వంగా తెచ్చుకుంది. తొలి ముఖ్యమంత్రి ప్రకాశం పంతులు ప్రభుత్వం ఏడాది తిరిగీ తిరగకుండా, 1954 నవంబరులో, ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. పడగొట్టిన విషయం కూడా మద్యనిషేధమే. దాన్ని ఎత్తెయ్యమని రామమూర్తి కమిటీ చెప్పింది, పంతులు వినలేదు. ఆ పంతం మీద సర్కారు పోయింది. 1960ల చివర్లో బ్రహ్మానందరెడ్డి ప్రభుత్వం నిషేధాన్ని ఎత్తేసి వేలంపాటలను మళ్లీ పిలిచింది.

చట్టం ఉన్నన్నాళ్లూ ఎవరూ తాగలేదనుకుంటే పొరపాటు. చిత్తూరు చెరకు సీమ, బెల్లం సీమ. నల్లబెల్లం, తుమ్మచెక్క, ఒక కుండ ఉంటే కొండపక్కన ఊట సిద్ధం. నాటుసారా బట్టీలు పట్టుకున్నప్పుడల్లా ఎక్సైజు వాళ్లు నేలపాలు చేసినట్టు రాసుకునే “బెల్లం ఊట” ఈ సీమ వార్తల్లో ఇప్పటికీ మామూలు మాటే. పైగా ఒకవైపు మైసూరు, ఒకవైపు ఆర్కాటు. ఒక రాజ్యం వాళ్లు మూసిన దుకాణం పక్క రాజ్యం గట్టు మీద తెరిచి ఉండేది. కుప్పం, పలమనేరు వైపు ఈ సరిహద్దు వ్యాపారం ధరల తేడా వచ్చినప్పుడల్లా కొత్తగా పుడుతుంది.

1980లలో సర్కారే సారాను ఊరికి మోసుకొచ్చింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం వారుణి వాహిని పేరుతో సీలు వేసిన పొట్లాల్లో సారా పంపించింది. కల్తీ తగ్గుతుందన్నారు. తగ్గిందో లేదో గానీ, దుకాణానికి నడిచిపోవాల్సిన శ్రమ మాత్రం తగ్గింది. గుడికి పోయి ఒట్టు పెట్టుకున్న మనిషి ఇంటికి తిరిగొచ్చేసరికి పొట్లం అతని వీధి మలుపులో కూర్చుని ఉంటే ఆ ఒట్టు ఎన్నాళ్లు నిలుస్తుంది? “ఒట్టు తీసి గట్టు మీద పెట్టు” అని పిల్లలు ఆడుకునే మాట పెద్దల విషయంలో నిజమైంది.

1992లో దెబ్బ తగిలింది నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి. వయోజన విద్యా ఉద్యమంలో పలక పట్టిన ఆడవాళ్లు, పాఠం చదివి, చర్చించి, ఊళ్లోకి వచ్చే సారాను ఆపారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. “ఆడవాళ్లు ఏకమైతే” అన్న పాఠం చదివిన పల్లెలు ఒకదాని తర్వాత ఒకటి లేచాయి. సారా పాటలు పాడేవాళ్లు లేక వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. ఉద్యమం చిత్తూరుతో సహా రాయలసీమలోకి వచ్చింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరులో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషిద్ధమైంది. వారుణి వాహిని పంపిన రామారావే 1994 ఎన్నికల్లో సంపూర్ణ మద్యనిషేధం వాగ్దానం చేసి గెలిచి, 1995 జనవరి 16 నుంచి అమలు చేశాడు. 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని సడలించింది. 2019లో జగన్ ప్రభుత్వం దశలవారీ నిషేధమంటూ అక్టోబరు నుంచి దుకాణాలను తానే నడిపింది. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు దుకాణాలు, రాష్ట్రమంతా కలిపి 3,396. తాగనని ప్రమాణం చేసి తప్పినవాళ్ల పట్టిక ఎవరైనా రాస్తే మొదటి వరసలో ప్రభుత్వాలు ఉండాలి. వాటిని తొంభై రోజుల్లో శిక్షించిన దేవుడు ఇంతవరకు లేడు.

ఈ మొత్తం చరిత్రలో దూబగుంట ఆడవాళ్ల పని మాత్రం ప్రత్యేకం. చట్టం చేయలేనిది వాళ్లు కొన్ని నెలలైనా చేయగలిగారు. ఎందుకంటే వాళ్లు తాగేవాళ్ల పక్కింట్లోనే ఉన్నారు. రాత్రి ఎవడు తూలుతూ వచ్చాడో వాళ్లకు తెలుసు. కాణిపాకం ఒట్టుకు పాత రోజుల్లో ఉన్న బలం కూడా అదే. ఐరాల పక్క ఊరి మనిషి ప్రమాణం చేస్తే, ఆ మాట అతనికంటే ముందు ఊరు చేరేది. సంతలో, బావి దగ్గర, కూలి పనిలో ప్రతివాడూ ఆ ఒట్టుకు సాక్షి. ఇవాళ బెంగళూరు నుంచి బస్సులో వచ్చి, క్యూలో నిలబడి, దర్శనం చేసుకుని, ఒట్టు పెట్టుకుని, రాత్రికి తిరిగి వెళ్లే మనిషికి సాక్షి వినాయకుడు ఒక్కడే. మర్నాడు సాయంత్రం దుకాణం ముందు అతన్ని చూసి “ఏమన్నా, ఒట్టు పెట్టుకున్నావు కదా” అనే మనిషి ఉండడు.

ఇది తెలుగు సీమకే చెందిన సంగతి కాదు. ఐర్లండులో థియోబాల్డ్ మాథ్యూ అనే కాపుచిన్ సన్యాసి 1838 ఏప్రిల్‌లో కార్క్ పట్టణంలో తాగననే ప్రతిజ్ఞ మొదలుపెట్టాడు. కొన్నేళ్లలో లక్షల మంది మోకరిల్లి ఒట్టు పెట్టారు, మెడలో పతకం కట్టుకున్నారు, సారాయి అమ్మకాలు పడిపోయాయి. కరువు వచ్చి, ఆయనా పోయాక, ఆ ఉప్పెన చాలామటుకు ఇంకిపోయింది.

రష్యాలో కథ మరోలా నడిచింది. 1878లో తూలా ప్రాంతపు పల్లెకు చెందిన ఒక మాజీ సైనికుడు, తాగి తాగి కాళ్లు పడిపోయినవాడు, కలలో ఒక ముసలి సాధువు చెప్పాడని పాక్కుంటూ సెర్పుఖోవ్ పట్టణంలోని కన్యకాశ్రమానికి వెళ్లాడు. అక్కడ ఎవరూ పట్టించుకోని పాత మేరీమాత చిత్రం ముందు మొక్కి బాగుపడ్డాడని భక్తుల నమ్మకం. ఆ చిత్రానికి తరగని పాత్ర అని పేరు. సోవియట్ కాలంలో అడుగంటి, 1990లలో మళ్లీ లేచిన ఆ భక్తి కోసం తాగుడు మానాలనుకునేవాళ్లు ఇప్పటికీ సెర్పుఖోవ్ వెళ్తారు. పల్లె, కల, దేవత, స్వస్థత అన్నీ మనకు తెలిసిన దారిలోనే ఉన్నాయి. కానీ 1898లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అలెగ్జాండర్ రోజ్దెస్త్వెన్‌స్కీ అనే పూజారి పెట్టిన మద్యవ్యతిరేక సంఘం ఒక తెలివైన పని చేసింది. ఒట్టుకు గడువు పెట్టింది. కొన్నాళ్లకు ఒట్టు పెట్టుకోవచ్చు, గడువు తీరాక మళ్లీ వచ్చి పొడిగించుకోవచ్చు. మళ్లీ రావాలంటే మళ్లీ నలుగురి కంట పడాలి.

గడువున్న ఒట్టు మనకు తెలియనిది కాదు. అయ్యప్ప మాల నలభై ఒక్క రోజులు. మాల వేసుకున్న మనిషి ఆ మండలం పాటు చుక్క ముట్టడు, అతని ముందు ఎవరూ సీసా తీయరు, పక్కన గురుస్వామి ఉంటాడు, సాయంత్రం భజన ఉంటుంది. మాల తీసిన రోజే మళ్లీ మొదలుపెట్టేవాళ్లను చూసి నవ్వుతాం గానీ, ఆ నలభై ఒక్క రోజులు అతన్ని నిలబెట్టింది ఏమిటన్నది నవ్వులో పోతుంది. కాణిపాకంలో పెట్టేది ఎక్కువగా జీవితకాలపు ఒట్టు. తప్పితే దేవుడు ఊరుకోడన్న భయం మొదట కాపాడుతుంది. ఒక్కసారి తప్పాక అదే భయం మనిషిని గుడి నుంచి దూరం చేస్తుంది. ఎలాగూ తప్పాను, ఇంకెందుకు ఆపడం అనుకుంటాడు. ఒక్క తప్పటడుగు పెద్ద పతనమయ్యే ఈ తీరును అమెరికన్ మనస్తత్వవేత్త అలన్ మార్లాట్ 1980లలో విడమర్చి రాశాడు. అతను రాయకముందే చిత్తూరు జిల్లా భార్యలకు ఈ సంగతి తెలుసు.

ప్రమాణాలకు పేరుపడ్డ మరో గుడి కర్ణాటకలో ఉంది, ధర్మస్థల. మంజునాథుడి ఎదుట ఆణ, అంటే ఒట్టు, పెట్టడం, తగువులు క్షేత్ర ధర్మాధికారి హెగ్గడే దగ్గరికి తీసుకురావడం అక్కడ తరాల నాటి మాట. 1990ల నుంచి ఆ క్షేత్రం వేరే పని చేపట్టింది. ఊళ్లలోనే ఎనిమిది రోజుల మద్యవర్జన శిబిరాలు పెడుతోంది. బడిలోనో కల్యాణమంటపంలోనో తాగేవాళ్లను ఉంచి, స్థానిక కమిటీ వంట చూసుకుంటే, వ్యాయామం, మాట్లాడించడం, భజన, కుటుంబాన్ని పిలిపించడం జరుగుతాయి. శిబిరం అయిపోయినవాళ్లు ఆ ఊళ్లోనే నవజీవన సమితిగా ఏర్పడి కలుస్తూ ఉంటారు. తప్పినవాడు కూడా ఆ సమావేశానికే వస్తాడు. తమిళనాడులో చెన్నైలోని టీటీకే ఆసుపత్రి 1980ల చివర్లో తిరువారూరు వైపు మంజక్కుడి అనే పల్లెలో శిబిరాలు మొదలుపెట్టింది. దాని వెనకా ఇదే ఆలోచన, డాక్టర్లు జతగా. 1935లో అమెరికాలోని అక్రన్‌లో ఇద్దరు తాగుబోతుల మాటామంతీతో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ అయితే దేవుణ్ణి ఎవరికి తోచినట్టు వాళ్లకు వదిలేసింది. జీవితాంతం అని అడగదు, ఈ ఒక్క రోజు తాగకు అంటుంది, రేపు మళ్లీ రమ్మంటుంది.

తడిబట్టల ఒట్టును వెక్కిరించడం సులువు, దానివల్ల లాభం లేదు. తన నోటితో తప్పు ఒప్పుకోవడానికి చోటు, పక్కన ఇంటివాళ్లు, ఒక రోజును గీత గీసినట్టు విడదీసే స్నానం, ఇవన్నీ డీఅడిక్షన్ కేంద్రాలు డబ్బు తీసుకుని ఇచ్చేవే. కానీ ఒట్టు చూడని విషయం ఒకటుంది, అది శరీరం. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా ఆపితే కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులు గడిచాక లేనివి కనబడి, మాట తడబడి, జ్వరంతో ప్రాణం మీదికి రావచ్చు. పల్లెల్లో దీన్ని “ఒట్టు తప్పాడు, దేవుడు పట్టాడు” అని చెప్పుకునే ప్రమాదం ఉంది. అది ఒట్టు నిలబెట్టుకున్నవాడికి వచ్చే జబ్బు. విటమిన్ బి1, వణుకు తగ్గించే మందులు, కొన్ని రోజుల పరిశీలన ఉంటే చాలామంది సులువుగా దాటిపోతారు.

కాణిపాకం నుంచి వైద్యం దూరమేమీ కాదు. చిత్తూరులో ప్రభుత్వాసుపత్రి ఉంది, తిరుపతిలో రుయా ఆసుపత్రి ఉంది, గంట దూరంలో వేలూరు సీఎంసీ ఉంది. వ్యసనాల కోసం కేంద్ర ప్రభుత్వపు ఉచిత ఫోను నంబరు 14446. గుడికి సత్రాలున్నాయి, అన్నదానం ఉంది, చవితినాడు మొదలై ఇరవై రోజులకు పైగా సాగే బ్రహ్మోత్సవాలు నడిపే బలగం ఉంది. కోనేటి మెట్ల దగ్గర ఆ నంబరు రాసిన బోర్డు ఒకటి, ఒట్టు పెట్టుకున్నవాళ్లు నెలకోసారి కలుసుకోవడానికి ఒక గది, వాళ్లను కనిపెట్టుకుని ఉండే ఒక నర్సు, ఇంతకంటే పెద్ద ఖర్చేమీ కాదు. ఒట్టు పెట్టడానికి వచ్చిన మనిషి ఊరు, పేరు రాసుకుని, నెల తర్వాత అతన్ని కాకుండా అతని భార్యను అడిగితే అసలు లెక్క తెలుస్తుంది.